ఈల జాతికి చెందిన పిస్తోలు

పైల హైమవతి టీచరు విమానం ఎక్కబోవడం అదే మొదటిసారి. శ్రీకాకుళం జిల్లాలో ఒక బాలికల హైస్కూల్లో ఆవిడ వ్యాయామం టీచరు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆడపిల్లల్ని మైదానం చుట్టూ పరుగులు పెట్టిస్తోంది కానీ, తాను మాత్రం పాసింజరు రైలుకి మించిన వేగం ఎరగదు. ఆ రోజు తప్పలేదు. చెల్లెలు సుగుణకి మర్నాడు ఉదయం ఏడింటికి హైదరాబాదులో గుండె ఆపరేషను. "అక్క మొహం చూశాకే లోపలికి వెళ్తాను. అంతవరకూ మంచం దిగను" అని సుగుణ డాక్టర్ల ముందే తేల్చి చెప్పింది. రైళ్లలో చోటు దొరక్క మరిది విమానం టిక్కెట్టు తీసి ఫోనుకి పంపించాడు.

ఆ విమానాశ్రయం పేరు నేను చెప్పను. చెప్పినా లాభం లేదు. అక్కడ అలాంటిదేమీ జరగలేదని వాళ్ల దగ్గర నాలుగు సంతకాలతో కాగితం ఉంది.

హైమవతి వెళ్లేసరికి అక్కడ పండగలా ఉంది. స్తంభాలకి బంతిపూల దండలు చుట్టారు. తనిఖీ జరిగే చోట గోడకి పెద్ద బోర్డు ఉంది. దాని మీద "భద్రతా లోపము లేని దినములు" అని రాసి, కింద 999 అంకె వేశారు. సాయంత్రం ఐదింటికి రాజధాని నుంచి పెద్ద అధికారి వచ్చి ఆ అంకెను వెయ్యి చేస్తారు. తరవాత సన్మానం, ఉపన్యాసం, జీడిపప్పు.

మొదటిసారి కావడం వల్ల హైమవతి ప్రతి బోర్డూ చదివింది. తీసుకెళ్లకూడని వస్తువుల జాబితా కూడా మొదటి నుంచి చివరి దాకా చదివింది. తన దగ్గర అలాంటివేవీ లేవనుకుని, నీలం సంచిని ట్రేలో పెట్టింది.

మెషీను తెర ముందు లోకనాథం అనే కానిస్టేబులు కూర్చున్నాడు. సంచిలో ఏదైనా తేడా కనిపిస్తే ఎర్ర మీట నొక్కాలి. లేకపోతే ఆకుపచ్చ మీట నొక్కాలి. నీలం సంచి మెషీనులోకి దూరిన క్షణంలో, ఇన్‌స్పెక్టరు వల్లభరావు స్టూలు మీద నిలబడి బ్యానరు కడుతూ, "లోకనాథం, వంకరగా ఉందా?" అని అరిచాడు. లోకనాథం తలెత్తి బ్యానరు చూశాడు. "ఎడం పక్క కాస్త పైకి సార్" అన్నాడు. చెయ్యి అలవాటుగా ఆకుపచ్చ మీట నొక్కింది. సంచి అవతలికి వచ్చేసింది. బోర్డింగు పాసు మీద ముద్ర పడింది.

వెయిటింగు హాల్లో కూర్చున్నాక హైమవతి కళ్లజోడు కోసం సంచి కింది జిప్పు తీసింది. మోకాలికి చుట్టే గుడ్డపట్టీ ఒకటి చేతికి తగిలింది. దాని లోపల ఏదో గట్టిగా ఉంది. అదేమిటో కంటి కంటే ముందు చేతికే తెలిసిపోయింది.

జనవరిలో జిల్లా పరుగు పందాలయ్యాయి. పందెం మొదలుపెట్టడానికి పేల్చే పిస్తోలు అది. గుండు ఉండదు, చప్పుడూ పొగా వస్తాయి, అంతే. దూరం నుంచి చూస్తే నిజం పిస్తోలులా ఉంటుంది. దగ్గర్నుంచి చూసినా అలాగే ఉంటుంది. పందాలైన రోజు హడావుడిలో గుడ్డపట్టీలో చుట్టి సంచిలో పడేసి, పూర్తిగా మరిచిపోయింది. ఇందాక చదివిన జాబితాలో పన్నెండో వరస గుర్తొచ్చింది: "బొమ్మ తుపాకులు, పరుగు పందాలలో వాడు పిస్తోళ్లు సహా."

జిప్పు వేసేస్తే ఎవరికీ తెలియదు. విమానం ఎక్కాక గంటన్నరలో హైదరాబాదులో దిగిపోవచ్చు. కానీ ఆవిడ స్కూల్లో ఒక నియమం పెట్టింది. పందెంలో గీత తొక్కిన పిల్ల, ఎవరూ చూడకపోయినా, తానే చెయ్యెత్తి చెప్పాలి. ఆ నియమం పెట్టిన పాపానికి లేచి, తనిఖీ దగ్గరికి వెనక్కి నడిచింది.

"బాబూ, నా బేగులో పిస్తోలుంది. నువ్వు చూళ్లేదు" అంది లోకనాథంతో.

లోకనాథం చుట్టూ చూశాడు. "మేడమ్, నెమ్మదిగా! ఆ మాట ఇంకోసారి అనకండి. నాకు పెళ్లై మూడు నెలలైంది."

"పెళ్లైతే ఏటి? చూసి తీసీయి."

అతను సంచిలోకి తొంగి చూశాడు. చూసి, పరుగెత్తుకెళ్లి ఇన్‌స్పెక్టర్ని పిలుచుకొచ్చాడు.

వల్లభరావు కూడా తొంగి చూశాడు. "ఇదెక్కడిది?"

"మా స్కూలుది. మర్చిపోయి తెచ్చీసేను."

"లోపలికి ఎలా వచ్చింది?"

"మీ మెషీనులోంచే."

"అయితే ఇది ఇక్కడ ఉండడానికి వీల్లేదు."

"ఉంది కదండీ."

"ఉండటం వేరమ్మా, ఉండడానికి వీలుండటం వేరు" అన్నాడు వల్లభరావు, తొమ్మిది వందల తొంభై తొమ్మిది వైపు చూస్తూ.

పక్కనే గాజు పెట్టె ఉంది. అందులో గోళ్లు కత్తిరించేవి, చిన్న కత్తెరలు, అగ్గిపెట్టెలు ఉన్నాయి. "దాంట్లో వేసీండి మరి. నా విమానం టైమవుతంది" అంది హైమవతి.

"అది పట్టుబడిన వస్తువుల పెట్టె. ఇది పట్టుబడలేదు. పట్టుబడనిదాన్ని పట్టుబడినట్టు రాస్తే తప్పుడు రికార్డవుతుంది."

"అయితే ఇప్పుడు పట్టుకోండి."

"పట్టుకోవలసింది మెషీను దగ్గర. మెషీను దాటాక పట్టుకుంటే, మెషీను దాటిందని మేమే ఒప్పుకున్నట్టు."

"పోనీ ఆ చెత్తబుట్టలో పడేస్తాను."

వల్లభరావు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "యజమాని లేని వస్తువా! హాలంతా ఖాళీ చేయించాలి. బాంబుల వాళ్లు రావాలి. ఐదింటికి పెద్దాయన వస్తారు."

"పోనీ బయటకెళ్లి మా ఆటోవాడికి ఇచ్చి వస్తాను."

"లోపలికొచ్చిన వాళ్లు బయటకెళ్లాలంటే కారణం రాయాలి. ఏమని రాస్తారు?"

"సంచిలో పిస్తోలుందని."

"చూశారా, మళ్లీ మొదటికొచ్చారు" అన్నాడు వల్లభరావు బాధగా. ఆవిణ్ణి, సంచిని, లోకనాథాన్ని వెంటబెట్టుకుని పైఅధికారి గదికి నడిచాడు.

ప్రధాన భద్రతాధికారి పరాంకుశం గారు సాయంత్రం చదవబోయే ఉపన్యాసం దిద్దుకుంటున్నారు. విషయమంతా కళ్లు మూసుకుని విన్నారు. ఆయన కార్యాలయంలో కుర్చీ మీద కూర్చున్నంతసేపూ పుస్తకాల భాషే మాట్లాడతారని ప్రతీతి.

"అమ్మా, తార్కికముగా యోచింపుడు. అవకాశములు మూడు. ఒకటి, తాము తనిఖీ లేకుండా లోనికి ప్రవేశించితిరి. కానీ తమ పాసుపై ముద్ర ఉన్నది. రెండు, యంత్రము పొరబడినది. తొమ్మిది వందల తొంబది తొమ్మిది దినములు పొరబడని యంత్రము నేడు పొరబడునా? పొరబడదు. ఇక మూడవది ఒక్కటే మిగిలినది. ఇది ఆయుధము కాదు."

"మరేటండీ ఇది?"

"అది నిర్ధారించుటకే స్వరూప నిర్ధారణ సంఘమును ఇప్పుడే నియమించుచున్నాను. అధ్యక్షుడను నేను. వల్లభరావు, లోకనాథం సభ్యులు. సంఘము సమావేశమైనది." ఆయన పిస్తోలు వైపు చూడకుండా దానివైపు వేలు చూపించారు. "దీనితో తాము ఏమి చేయుదురు?"

"నొక్కితే పేలతాది. చప్పుడొస్తాది. పిల్లలు పరిగెడతారు."

"పేలుట అనునది వ్రాయవలదు" అన్నారు పరాంకుశం గారు, వల్లభరావు వైపు తిరిగి. "చప్పుడు వచ్చును, పిల్లలు పరుగెత్తుదురు అని వ్రాయుము. అమ్మా, తమ పాఠశాలలో చప్పుడు చేసి పిల్లలను పరుగెత్తించు వస్తువు మరియొకటి కలదా?"

హైమవతి ఆలోచించింది. "ఈలుంది."

"వ్రాయుము. ఈల."

"సార్! ఈల ఇదిగో, నా మెడలో ఉంది. చూడండి. ఊదితే వస్తాది. అది ఊదేది కాదు."

"అది చిన్న ఈల. ఇది లోహముతో చేయబడిన పెద్ద ఈల. జాతి ఒక్కటే."

టైము మూడూ పదైంది. విమానం నాలుగూ పదికి. హైమవతి ఇక వాదించలేదు. కానీ పరాంకుశం గారు పద్ధతి గల మనిషి. ఈల అని రాసేముందు యంత్రం చేత మరొక్కసారి చెప్పించాలన్నారు. అందరూ తనిఖీ దగ్గరికి వచ్చారు. సంచి మళ్లీ మెషీనులోకి వెళ్లింది.

పైఅధికారి వెనకే నిలబడి ఉండటంతో లోకనాథం ఈసారి కళ్లార్పకుండా తెర చూశాడు. గొట్టం, పిడి, మీట, అన్నీ బడి పుస్తకంలో బొమ్మలా కనిపించాయి. అతని చెయ్యి దానంతటదే ఎర్ర మీట మీద పడింది. గంట గణగణా మోగింది. లైనులో ఉన్నవాళ్లందరూ నాలుగడుగులు వెనక్కి వేశారు.

అప్పుడు పరాంకుశం గారి మొహం మెల్లగా వికసించింది.

"లోకనాథం, అభినందనలు! వేయవ దినమున ఆయుధమును పట్టితివి!"

"సార్, ఇందాక ఈలన్నారు..."

"ఇందాకటిది ఈలయే. యంత్రము అప్పుడు పచ్చన చూపినది, అది సత్యము. ఇప్పుడు ఎర్రన చూపినది, ఇదియు సత్యము. కావున ఇవి రెండు వేర్వేరు వస్తువులు. వల్లభరావు, ఈమెను పోలీసులకు అప్పగించుటకు కాగితములు సిద్ధము చేయుము."

హైమవతి ముందుకొచ్చింది. "నన్నా? పోలీసులకా? నేనే కదండీ వచ్చి చెప్పేను!"

"తాము చెప్పినది మొదటి దానిని గూర్చి. పట్టుబడినది రెండవది. రెండవ దానిని గూర్చి తాము ఏమియు చెప్పలేదు."

ఒక పక్క కాగితాలు తయారవుతున్నాయి. ఇంకో పక్క మొదటి ఈల కోసం వెతుకులాట మొదలైంది. ఇద్దరు కానిస్టేబుళ్లు కుర్చీల కింద పాకారు. మైకులో ఒకమ్మాయి, "ప్రయాణికులకు విజ్ఞప్తి. పిస్తోలు ఆకారంలో ఉన్న ఈల ఎవరికైనా దొరికినట్లయితే భయపడకుండా అప్పగించగలరు" అని మూడు భాషల్లో చెప్పింది. జనం భయపడి గోడలకి అతుక్కున్నారు. ఒక ముసలాయన తన అడకత్తెర తీసుకొచ్చి, అడక్కుండానే బల్ల మీద పెట్టి దణ్ణం పెట్టాడు. ఒక మంగలి తన కత్తుల పొది తెచ్చి పెట్టాడు. ఒకావిడ చేపలు కోసే కత్తి తెచ్చి, మా అల్లుడికి ఇక్కడి కత్తి అయితేనే నచ్చుతుందని ఏడ్చింది. అన్నీ ఆ మెషీను పచ్చన చూపించి పంపినవే. వల్లభరావు వాటిని చూసి, "తీసుకెళ్లండి, తీసుకెళ్లండి, ఎవరూ చూడలేదు" అని ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చేశాడు.

బెంచీ మీద కూర్చున్న హైమవతి ఫోను మోగింది. సుగుణ.

"అక్కా, ఎక్కేవా?"

"ఇంకా లేదమ్మా. చిన్న ఈల గొడవ."

"ఈలేటి?"

"వచ్చి చెప్తాను. నువ్వు మందేసుకున్నావా?"

"నువ్వు రాకపోతే నేను వెళ్లనక్కా. నాకు భయం."

హైమవతి ఫోను పెట్టేసి లేచింది. మైదానంలో పిల్లల గొడవలు తీర్చినప్పుడు ఎలా నిలబడుతుందో అలా నిలబడింది.

"సార్, ఒక్క మాట. నన్ను తనిఖీ చేసి లోపలికి పంపేరు కదా. అప్పుడు నా దగ్గర ఈల తప్ప ఏటీ లేదన్నారు. మరి ఈ రెండోది నాకెక్కడిది? హాల్లోంచే రావాలి కదా. అంటే మీ హాల్లో ముందునుంచే పిస్తోలుందన్నమాట. అదే రాయండి పోలీసులకి."

పరాంకుశం గారి కళ్లు బోర్డు మీదికి పోయాయి. మూడున్నరకి, అంటే పెద్దాయన రావడానికి గంటన్నర ముందు, ఆ బోర్డు మీద సున్నా వేయవలసి వస్తుందన్న సంగతి ఆయనకి అర్థమైంది. మొదటిసారిగా పుస్తకాల భాష మరిచిపోయి, "ఓర్నాయనో" అన్నారు.

తరవాత తేరుకున్నారు. "రెండవ వస్తువు ఉండుటకు వీలులేదు. కావున రెండవ పరీక్ష చెల్లదు. మొదటి పరీక్ష ఏ పరిస్థితులలో జరిగినదో సరిగ్గా అవే పరిస్థితులలో మూడవ పరీక్ష జరపవలెను. వల్లభరావు, అప్పుడు నీవు ఎక్కడ నుంటివి?"

"స్టూలు మీద సార్."

"ఎక్కుము."

వల్లభరావు స్టూలెక్కాడు. సంచి మెషీను ముందు పెట్టారు. బెల్టు కదిలింది. "లోకనాథం, వంకరగా ఉందా?" అని వల్లభరావు అరిచాడు. బ్యానరు ఇప్పుడు నిటారుగా ఉంది. అయినా లోకనాథం తలెత్తి దాన్నే చూస్తూ, "ఎడం పక్క కాస్త పైకి సార్" అన్నాడు. చెయ్యి ఆకుపచ్చ మీట నొక్కింది. వల్లభరావు ఆ మాట ప్రకారం ఎడం పక్క పైకి లాగాడు. బ్యానరు వంకరైంది. సంచి అవతలికి వచ్చింది.

సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. "ప్రయాణికురాలి వద్దనున్నది ఈల జాతికి చెందిన లోహపు క్రీడా పరికరము, ఒకటి." ముగ్గురూ సంతకాలు చేశారు. నాలుగో సంతకానికి చోటు వదిలి, కలం హైమవతి చేతికిచ్చారు.

"నేను చెయ్యనండి. ఇది ఈల కాదు."

"చేయనిచో విచారణ రేపు ఉదయము పది గంటలకు కొనసాగును" అన్నారు పరాంకుశం గారు.

మైకులో ఆవిడ పేరు పిలుస్తున్నారు. చివరి పిలుపు. ఇరవై ఎనిమిదేళ్లలో హైమవతి ఒక్క తప్పుడు ఫలితం మీద సంతకం పెట్టలేదు. జడ్పీ చైర్మన్ మనవరాలు మూడో స్థానంలో వస్తే మూడో స్థానమే రాసింది. మంచం దిగని సుగుణ కళ్ల ముందు మెదిలింది. గబగబా గీకి, ఆ గీతల్ని మళ్లీ చూసుకోకుండా సంచి పట్టుకుని పరిగెత్తింది. వెనక నుంచి లోకనాథం, "మేడమ్, ఈల జాగ్రత్త!" అని కేక వేశాడు.

విమానంలో సంచిని పైన పెట్టమన్నారు. పెట్టింది. గంటన్నరసేపు తలెత్తి పైకే చూస్తూ కూర్చుంది. మేఘాలు చూడలేదు. హైదరాబాదులో దిగాక బయటికి వెళ్లేవాళ్ల సంచులు ఎవరూ చూడలేదు. ఆసుపత్రికి చేరేసరికి సుగుణ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. అక్కను చూసి ఏడ్చి, నవ్వి, ఆ తరవాత బుద్ధిగా మందు వేసుకుంది. మర్నాడు ఆపరేషను బాగా జరిగింది.

వారం తరవాత హైమవతి రైల్లో తిరిగొచ్చింది. పిస్తోలుని స్కూలు ఆటసామాన్ల బీరువాలో పెట్టి తాళం వేసింది. కానీ ఆ సంతకం ఆవిణ్ణి నిద్రపోనివ్వలేదు. పేపర్లో పరాంకుశం గారికి శాలువా కప్పుతున్న ఫొటో, "చురుకైన చూపు"కి లోకనాథం అందుకున్న ప్రశంసాపత్రం చూశాక ఇంకా ఇబ్బందైంది. కూర్చుని భద్రతా విభాగానికి ఉత్తరం రాసింది. తాను తెచ్చింది పిస్తోలేనని, మరిచిపోయి తేవడం తన తప్పేనని, సంతకం తొందరలో చేశానని, దాన్ని రద్దు చేయమని కోరింది. మీట నొక్కిన మనిషి పేరు మాత్రం రాయలేదు.

ఇరవై రోజులకి జవాబు వచ్చింది. "విభాగముచే ఈలగా ధ్రువీకరింపబడిన వస్తువును పిస్తోలు అని పేర్కొని ప్రజలలో భయాందోళనలు కలిగించినందులకు తమపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలో తెలుపవలెను."

హైమవతి ఆ రాత్రే జవాబు రాసింది: "అయ్యా, ఆ వస్తువు మా స్కూలు బీరువాలో భద్రంగా ఉంది. ఈల అని మీకు నమ్మకం ఉంటే, ఆ కాగితం మీద సంతకం చేసిన ముగ్గురిలో ఎవరినైనా పంపించండి. మా పిల్లలందరి ముందూ నోట్లో పెట్టుకుని ఊది చూపించమనండి. చప్పుడొస్తే నేను ఏ శిక్షకైనా సిద్ధం."

ఈసారి జవాబుకి రెండు నెలలు పట్టింది. అట్టలాంటి కాగితం, మీద గుండ్రటి ముద్ర. "తాము కోరిన పరీక్షకు మా విభాగమునందు ఎవరును స్వచ్ఛందముగా ముందుకు రాలేదు. కావున సదరు వస్తువును ఊదకుండగనే ఈలగా పునర్నిర్ధారించడమైనది. తమపై చర్య విరమించడమైనది. ఈ విషయము ఇంతటితో ముగిసినది."

హెడ్‌మిస్ట్రెస్ సూర్యకాంతం గారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. చదివి, ఆటసామాన్ల స్టాకు రిజిస్టరు తెప్పించింది. భయస్థురాలు. రిటైరవడానికి ఏడు నెలలే ఉంది.

"పైనుంచొచ్చిన కాగితం హైమవతీ. కాదనడానికి మనమెవరం? పిస్తోలు కొట్టీసి ఈల అని రాసీయమంటావేటి?"

హైమవతి రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. కళ్లజోడు పెట్టుకుంది. కొత్త సంవత్సరం పేజీలో "పిస్తోలు, ఒకటి" అని గుండ్రంగా రాసి, పక్కన తేదీ వేసి, పూర్తి పేరుతో సంతకం పెట్టింది. సిరా ఆరేదాకా ఊది, రిజిస్టరు ఆవిడకిచ్చి, బయట పిల్లలు వరసలో నిలబడి ఉన్నారంటూ మైదానంలోకి వెళ్లిపోయింది.